కవచమునకు కాపు

వస్తువును జాగ్రత్తగా చూచుకొనుట గుణమా, మమకారమా యను ప్రశ్న వర్తక కుటుంబములకు క్రొత్తది కాదు. చిట్టా పుస్తకమునకు ఎర్రగుడ్డ అట్ట వేయించుట, పట్టుబట్టలను పాతపంచెలో చుట్టి పెట్టెలో దాచుట, ఇత్తడి త్రాసుపళ్ళెములను చింతపండుతో తోముట పెద్దలు చేసిన పనులే. వారిని ఎవరును లోభులనలేదు. కాని అదే జాగ్రత్త ఒక్కొక్కప్పుడు హద్దు దాటును. అప్పుడు వస్తువు మనుష్యుని కొరకు గాక, మనుష్యుడే వస్తువు కొరకు కావలి కాయును. ఆ హద్దు ఎచ్చట నున్నదో తెలిసికొనుట సులభము కాదు. ఈ ప్రశ్నను కంటికి కనబడునట్లు చూపగల వస్తువొకటి నేటి ఇండ్లకు వచ్చినది. అది కారు రంగుపై అతికించు పారదర్శకమైన రక్షణపొర. దుకాణములవారు పి.పి.ఎఫ్. అందురు, ఇండ్లలో వట్టి ‘ఫిలిము’ అందురు.

ఈ ఫిలిము పాలీయురెథేను అను సాగెడు పదార్థముతో చేయబడును. అడుగున జిగురు, నడుమ సాగెడు పొర, పైన మరకను నిలువనీయని పలుచని పూత యుండును. దాని మందము సాధారణముగా 150 నుండి 200 మైక్రాన్లు. కర్మాగారములో కారునకు వేసిన రంగుపొరలన్నియు కలిపినను తరచుగా 100 నుండి 150 మైక్రాన్లకు మించవు. అనగా కాపాడబడు దానికంటె కాపాడునదే దళసరి. లారీ చక్రము క్రిందనుండి ఎగిరివచ్చిన రాతిముక్క దెబ్బను ఇది తాను తినును. సన్నని గీతలు పడినచో ఎండవేడికి గాని, వేడినీటికి గాని తమంతట తామే పూడుకొనును. లోతుగా తెగినది మాత్రము పూడదు.

దీని పుట్టుక కూడ తెలిసికొనదగినది. 1960 దశకములో, వియత్నాం యుద్ధకాలమున, హెలికాప్టరు రెక్కల అంచులు ఇసుకకును రాళ్ళకును అరిగిపోకుండ ఇట్టి పొరను వాడిరి. రెక్క చెడినచో ప్రాణమే పోవును గనుక అచ్చట అది ప్రాణరక్షణ. తరువాత అది పందెపు కార్లకు, పిమ్మట ఇంటి కార్లకు వచ్చినది. ఇచ్చట అది అందమునకు రక్షణ. రెండును రక్షణలే యైనను ఒకటి కాదు. ఈ భేదమును మరచినప్పుడే గృహస్థుడు చిక్కులో పడును.

పెద్ద కారునకు ఒడలంతయు ఫిలిము వేయించుటకు లక్ష రూపాయలు దాటుట సామాన్యము. అంత సొమ్ము ఇచ్చినవాడు, ఇక కొన్ని ఏండ్లు రంగును గురించిన చింత తీరినదని తలచును. అచ్చటనే పొరపాటు. ఫిలిము చింతను తీసివేయదు. దానిని రంగు మీదినుండి తన మీదికి మార్చుకొనును. కవచమునకును కాపు కావలెను. ఆ కాపు ఎట్టిదో మొదట చూచి, పిమ్మట ధర్మవిచారము చేయుట మేలు.

ఫిలిము అతికించిన పిదప వారము రోజులు కారును కడుగరాదు. జిగురు పట్టుటకు, లోపల మిగిలిన నీటితేమ ఆరిపోవుటకు ఆ మాత్రము వ్యవధి కావలెను. తరువాత రెండు వారములకొకసారి యైనను నీడలో నిలిపి కడుగవలెను. ముందు నీటితో దుమ్మును జారనిచ్చి, పిమ్మట కార్ల కొరకు చేసిన, కారము గాని ఆమ్లము గాని లేని షాంపూతో మెత్తని మైక్రోఫైబర్ గుడ్డను తడిపి పైనుండి క్రిందికి తుడువవలెను. బకెట్లు రెండుండవలెను: ఒకదానిలో షాంపూ నీరు, రెండవదానిలో గుడ్డను జాడించుటకు మంచినీరు. ఒకే బకెట్టు పెట్టినచో తుడిచిన ఇసుకయే మరల ఫిలిము మీదికి వచ్చును. వేగముగా నీరు చిమ్ము గొట్టమును దూరముగా పట్టవలెను. అంచులకు సూటిగా కొట్టినచో ఫిలిము లేచును. తిరుగు బ్రష్షులతో కడుగు యంత్రములకు ఇట్టి కారును పంపకుండుట మంచిది.

పక్షిరెట్ట, చెట్టుజిగురు, పురుగుల మరక నిలువయుంచరాదు. తడిగుడ్డను కొన్ని నిమిషములు వాటిపై పరచి, నానిన పిదప ఒత్తిడి లేకుండ తీయవలెను. గోటితో గీకరాదు. కిరసనాయిలు, పెట్రోలు, థిన్నరు పైపూతను చెరచును. బట్టల సబ్బుపొడి కూడ పనికిరాదు. ఉప్పునీరు లేక చవుడు నీరు ఎండలో ఆరినచో తెల్లని చుక్కలు నిలుచును గనుక, కడిగిన వెంటనే పొడిగుడ్డతో అద్దవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది, దుమ్ముపట్టిన కారును పొడిగుడ్డతో తుడువకుండుట. మన దేశములో ప్రతి ఉదయమును వేలకొలది ఇండ్ల ముంగిట జరుగు పని అదియే.

ఇంతవరకు చెప్పినది చేతిపని. ఇక దాని వెనుకనున్న ధర్మమును చూడవలెను. ఒక వర్తకుని ఇంట ఇట్లు జరిగినదనుకొనవచ్చును. క్రొత్త కారునకు ఫిలిము వేయించిన మూడు నెలలకు బానెట్టు మీద మసకయు, గీతలును, ఒక పచ్చని మచ్చయు కనబడెను. యజమాని కోపించి, కారు కడుగు పనివాని జీతములో కోత వేయుమని గుమాస్తాతో చెప్పెను. అతని తల్లి విని, “ఏమి చేసినాడు నాయనా?” అని అడిగెను. “లక్ష రూపాయల పని పాడుచేసినాడమ్మా” అనెను కొడుకు. “సరే, ఆ లక్ష రూపాయల పని కాపాడుమని నీవు వానికిచ్చిన సామాను ఏమిటి?” అని ఆమె మరల అడిగెను.

చూడగా వానికిచ్చినది ఒక బకెట్టు, చిరిగిన బనియను గుడ్డ, స్నానాలగదిలో మిగిలిన సబ్బుపొడి. దుకాణమువారు ఇచ్చిన జాగ్రత్తల కాగితము కారు ముందరి అరలో మడతవిప్పకుండ నున్నది. అదియు ఇంగ్లీషులో నున్నది. పచ్చని మచ్చ ఎట్లు వచ్చెనో పనివానికి తెలియదు. ఆ నాలుగు దినములు యజమానియే కారును పెండ్లికి తీసికొనిపోయి చెట్టుక్రింద నిలిపియుండెను. తెలివి ఒకని పెట్టెలో నున్నది, శ్రమ మరియొకని చేతిలో నున్నది, కోపము మాత్రము తెలివి గలవానికే వచ్చినది. ఇది న్యాయమగునా?

వ్యాపారమున ఈ లెక్క అందరికిని తెలిసినదే. సరుకు నిలువయుంచు విధము చెప్పకుండ కూలివానికి అప్పగించి, చెడిన పిదప తరుగు వాని పేర వ్రాయు వర్తకుని పేటలో ఎవరును మెచ్చరు. ఇంటి ముంగిట మాత్రము ఆ నీతి ఏల మారవలెను? పనిముట్టు ఇచ్చి, పని నేర్పి, పిమ్మట నిర్లక్ష్యము కనబడినచో అడుగుట యజమాని హక్కు. నేర్పకుండ అడుగుట హక్కు కాదు, అధికారము మాత్రమే. పైగా ఫిలిము మీది సన్నని గీత ఎండకు పూడిపోవును. అందరి యెదుట తిట్టు తిన్నవాని మనస్సులోని గీత ఏ ఎండకును పూడదు.

ఇది విని కొందరు, “ఇంత గొడవ ఏల? ఫిలిమే వద్దు, వట్టి ఆడంబరము” అందురు. ఆ మాటలో కొంత నిజమున్నను పూర్తిగా నిజము కాదు. రంగు పోయిన చోట రేకు త్రుప్పుపట్టును. మరల రంగు వేయించుటకు సొమ్మును, రసాయనములును ఖర్చగును. ఉన్న వస్తువును ఎక్కువకాలము నిలుపుకొనుట పొదుపే గాని లోభము కాదు. వస్తువులో ఎందరిదో శ్రమ యున్నది. దానిని అశ్రద్ధచేత చెరచుట ఆ శ్రమను అవమానించుటయే. పరిగ్రహమనగా వస్తువు కాదు, దానిపైని మూర్ఛ యని శాస్త్రకారులు చెప్పిరి. కాబట్టి ఫిలిము వేయించుటలో దోషము లేదు, వేయించకుండుటలో పుణ్యమును లేదు. చూడవలసినది మనస్సును.

ఆ మనస్సును చూచుటకు ఒక పరీక్ష గలదు. వానరాత్రి పొరుగింటి బిడ్డకు జ్వరము ముదిరినది. ఆసుపత్రికి పోవు దారి బురద, కంకర. తలుపు తట్టినప్పుడు యజమాని చేయి ముందుగా తాళపుచెవి మీదికి పోయినచో అతడు కారునకు యజమాని. చూపు ముందుగా బంపరు మీదికి పోయినచో ఫిలిము కారునకు గాక అతని కన్నులకు అంటుకొనినదని తెలియవలెను. రాళ్ళదెబ్బ తినుటకే సొమ్ము పెట్టి తెచ్చిన పొరను రాళ్ళదారికి తీయకుండుట గొడుగు తడియునని వానలో దానిని చంకలో పెట్టుకొని నడచుట వంటిది.

పురుగుల మరకను గురించి కూడ ఒక మాట అవసరము. వానకాలపు రాత్రులలో దీపముల వెలుగునకు వచ్చిన పురుగులు వేగముగా పోవు కారునకు తగిలి చచ్చును. వాటి అవశేషము రోజుల తరబడి నిలిచినచో పైపూతను తినివేయును గనుక వెంటనే కడుగవలెనని దుకాణమువారు చెప్పుదురు. అది ఫిలిము సంగతి. జీవహింసకు వెరచి సాధువులు చాతుర్మాసమున సంచారమే మానుకొందురు. గృహస్థునకు వ్యాపారము గలదు, ప్రయాణము తప్పదు. అయినను ప్రొద్దుండగానే ఇల్లు చేరునట్లు పని చూచుకొనుట, తప్పనప్పుడు వేగము తగ్గించుట అతని చేతిలోనివే. వేగము తగ్గినచో మరకయు తగ్గును, హింసయు తగ్గును. మరకను చూచి ఫిలిము కొరకు మాత్రమే నొచ్చుకొనువాడు సగము లెక్కయే వ్రాసినవాడు.

నీటి సంగతియు అట్టిదే. 2024 మార్చిలో బెంగళూరులో నీటి ఎద్దడి వచ్చినప్పుడు అచ్చటి జలమండలి త్రాగునీటితో వాహనములు కడుగుటను నిషేధించి, మీరినవారికి 5,000 రూపాయల జరిమానా విధించెను. 2019 వేసవిలో మద్రాసు నగరమునకు నీరిచ్చు ప్రధాన జలాశయములు దాదాపు ఎండిపోయెను. వీధిలో బిందెలు వరుసకట్టినప్పుడు గొట్టముతో కారు కడుగువాడు చట్టమునకు దొరకకున్నను పొరుగువారి కన్నులకు దొరకును. రెండు బకెట్ల పద్ధతి ఇచ్చట ఫిలిమునకును ధర్మమునకును సరిపోవును. దుమ్ము తక్కువగా నున్నప్పుడు గొట్టము విప్పనవసరమే లేదు. పట్టి నిలువచేసిన వాననీటిలో లవణములు తక్కువ గనుక తెల్లచుక్కల బాధయు తక్కువ.

చివరకు ఫిలిమునకును ఆయువు తీరును. మంచిది అయిదు మొదలు పదేండ్ల వరకు నిలుచును. పచ్చబడినను, అంచులు లేచినను, పగిలినను, వేడిచేసి మెల్లగా లాగి తీయించవలెను. ఆలసించినచో జిగురు రంగును పట్టుకొని విడువదు. మధ్యలో కారును అమ్మదలచినచో ఫిలిము క్రింద మరల రంగు వేయించిన భాగమేదైన యున్నదా యని కొనువానికి ముందే చెప్పుట వర్తకుని ధర్మము. మరల వేసిన రంగు ఫిలిము తీయునప్పుడు దానితో కూడ ఊడివచ్చుటకు అవకాశమున్నది. పారదర్శకమైన పొర క్రింద మాట పారదర్శకముగా లేకున్నచో, ఆ మెరుపు ఎవరికి మేలు?

కావున ఫిలిము వేయించుకొను గృహస్థుడు మూడు ప్రశ్నలు తనకు తాను వేసికొనవలెను. దీనిని కాపాడు చేతికి కావలసిన తెలివియు, పనిముట్టును ఇచ్చితినా? దీనిని కాపాడుటలో నీటిని, ప్రాణిని, పొరుగువానిని తక్కువ చేసితినా? అవసరము వచ్చిన దినమున దీనిని వెనుకాడక వాడగలనా? మొదటిదానికి అవునని, రెండవదానికి కాదని, మూడవదానికి అవునని చెప్పగలవాడు ఎంత మెరుపుగల కారులో తిరిగినను దోషము లేదు. చెప్పలేనివాడు మరల ఫిలిము మార్పించుటకు ముందు ఆ ముంగిట కారు కడుగు మనుష్యుని పిలిచి, ప్రక్కన నిలిచి, పని చూపి, రెండవ బకెట్టు కొనిపెట్టుట మంచి ఆరంభము. దానికి లక్ష రూపాయలు అక్కరలేదు.