చంద్రుని చిత్రాలు – మన సాక్ష్యం



మెదక్ సమీపంలోని ఏడుపాయల వద్ద మంజీరా నది ఏడు పాయలుగా చీలి ప్రవహిస్తుంది. దాన్ని ఎన్నడూ చూడని వ్యక్తికి ఒక్క పాయ ఫోటో చూపించి, "మంజీరా అంటే ఇంతే" అని చెబితే నమ్మేస్తాడు. ఫోటో అబద్ధం కాదు. దానికి తగిలించిన మాట అబద్ధం.

చంద్రుని ఫోటోల విషయంలోనూ ఇలాగే జరుగుతోంది. 1959 అక్టోబరు 7న సోవియట్ నౌక లూనా-3, అంతవరకు ఏ మానవుడూ చూడని చంద్రుని ఆవలి వైపును ఫోటో తీసింది. ఫిల్మును నౌకలోనే కడిగి, ఆ చిత్రాలను రేడియో తరంగాల ద్వారా భూమికి పంపింది. 1964 జూలై 31న అమెరికా నౌక రేంజర్-7 చంద్రుణ్ణి ఢీకొనే లోపు 4,300కు పైగా చిత్రాలు పంపింది. 1966 ఫిబ్రవరి 3న లూనా-9 మెల్లగా దిగి, చంద్రుని నేల మీద నుంచే ఫోటోలు తీసింది. మన శ్రీహరికోట నుంచి 2008 అక్టోబరు 22న బయలుదేరిన చంద్రయాన్-1 కూడా నవంబరు 14న ఒక పరికరాన్ని జారవిడిచింది. అది చంద్రునిపై పడేవరకూ చిత్రాలు తీస్తూనే ఉంది.

ఇలాంటి చిత్రాల్లో ఒకదానిలో పొడవాటి లోయ కనిపిస్తుంది. దాని పేరు రీమా అరియాడేయస్. "చంద్రుడు రెండు ముక్కలై అతుక్కున్న గుర్తు ఇదే, శాస్త్రవేత్తలే ఒప్పుకున్నారు" అంటూ కొందరు దాన్ని పంచిపెడుతున్నారు. వాస్తవమేమిటి? ఆ లోయ పొడవు సుమారు 300 కిలోమీటర్లు. చంద్రుని చుట్టుకొలత దాదాపు 10,900 కిలోమీటర్లు. రెండు పగుళ్ల మధ్య నేల కుంగడం వల్ల అది ఏర్పడిందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు.

షఖ్ఖుల్ ఖమర్ మహిమను మనం విశ్వసిస్తున్నాము. దానికి ఆధారం దివ్య ఖుర్ఆన్, సహీహ్ హదీసులు. అవి మనకు చాలవా? కెమెరా వచ్చి మన ఈమాన్‌ను నిలబెట్టాలా? రేపు మన పిల్లవాడు పాఠశాలలో ఆ లోయ గురించి చదివితే, పెద్దలు చెప్పిన మిగతా మాటలను కూడా అనుమానించడా? ఆ పాపంలో మనకు భాగం ఉండదా?

ఏదైనా వార్త వస్తే ముందు నిజానిజాలు విచారించుకోమని సూరె హుజురాత్ మనల్ని ఆదేశిస్తోంది. రంజాన్ నెలవంక విషయంలో సైతం నమ్మదగిన సాక్ష్యం ఉంటేనే అంగీకరిస్తాము. మరి ధర్మం పేరిట చెప్పే మాటకు ఇంకెంత జాగ్రత్త అవసరం! కనుక అలాంటి ఫోటో మన చేతికి వస్తే తెలిసినవారిని అడుగుదాం. తెలియనిదాన్ని ముందుకు పంపకుండా ఆపుదాం.

సత్యధర్మానికి అసత్యం ఆసరా అక్కరలేదు. అల్లాహ్ మనందరికీ సత్యమే పలికే భాగ్యం ప్రసాదించుగాక! ఆమీన్.