వణుకు ఒక్కటే వ్యాధి కాదు



మా మహల్లాలో ఒక పెద్దాయన ఉన్నారు. అందరం చాచా అంటాం. ఫజ్ర్ అజాన్‌కు ముందే వచ్చి మొదటి సఫ్‌లో కూర్చునే మనిషి. అలాంటి మనిషి క్రమంగా ఫజ్ర్‌కు రావడం మానేశారు. జుమాకు వచ్చినా చివరి సఫ్‌లో, తలుపు దగ్గరే నిలబడేవారు. పలకరిస్తే ముఖంలో నవ్వు లేదు. "చాచాకు దీన్ మీద ధ్యాస తగ్గింది" అని ఎవరో అంటే మేమూ అవునన్నాం. అల్లాహ్ మమ్మల్ని క్షమించుగాక!

తర్వాత ఆయన కుడిచెయ్యి వణకసాగింది. డాక్టర్లు పార్కిన్సన్స్ వ్యాధి అని తేల్చారు. పరామర్శకు వెళితే చాచా అన్నారు: "మౌలానా సాబ్! వణుకుదేముంది, దాంతో వేగగలను. రాత్రంతా నిద్ర ఉండదు. సజ్దా నుంచి లేస్తే కళ్ళు తిరుగుతాయి. మూత్రం ఆగదు, మస్జిద్ ఎక్కడ పాడవుతుందోనని తలుపు దగ్గరే నిలబడేవాణ్ణి. అత్తరు వాసన తెలియక ఎన్నో ఏళ్ళయింది. కల్తీ సరుకు ఇచ్చావని దుకాణదారుతో గొడవ కూడా పడ్డాను."

మేము తల దించుకున్నాం.

లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఈ వ్యాధిని వివరిస్తూ గ్రంథం రాశారు. మెదడులో డోపమైన్ తయారుచేసే కణాలు క్షీణించడం వల్ల వణుకు, బిగుసుకుపోవడం, నడక మందగించడం వస్తాయి. కానీ వ్యాధి అక్కడితో ఆగదు. వాసన తెలియకపోవడం, మలబద్ధకం, నిద్రలో కేకలు వేస్తూ చేతులు కాళ్ళు విసరడం కొందరిలో వణుకుకు ఎన్నో ఏళ్ళ ముందే మొదలవుతాయి. దిగులు, ఆందోళన, తీరని అలసట కూడా ఈ వ్యాధిలో భాగమే. ముఖ కండరాలు బిగుసుకుపోతే నవ్వు పైకి కనపడదు. మనం దాన్ని అహంకారం అనుకుంటాం!

బాక్సర్ ముహమ్మద్ అలీకి ఈ వ్యాధి ఉన్నట్లు 1984లో తెలిసింది. 1996లో అట్లాంటాలో ఒలింపిక్ జ్యోతి వెలిగించినప్పుడు ఆయన చేతి వణుకును ప్రపంచమంతా చూసింది. ఇలాంటి రోగుల రాత్రులు మాత్రం ఇంట్లోవాళ్ళకే తెలుస్తాయి.

రోగి దిగులు పడితే 'ఈమాన్ బలహీనమైంది' అనేవారు ఉన్నారు. హజ్రత్ యాఖూబ్ (అలైహిస్సలాం) కుమారుని కోసం దుఃఖించి చూపు కోల్పోయారు. ఆయన ఈమాన్‌ను శంకించగలమా? దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) స్వయంగా చింత నుండి, దుఃఖం నుండి అల్లాహ్ శరణు వేడేవారు.

కొందరికి గదిలో లేని మనుషులు కనిపిస్తారు. ఇంట్లోవాళ్ళు జిన్ను పట్టిందని ఆమిల్‌ల చుట్టూ తిరుగుతారు. దుఆ చేయండి, మేము వద్దనడం లేదు. కాని అది వ్యాధి వల్ల కావచ్చు, వాడే మందు వల్లా కావచ్చు. వెంటనే డాక్టరుకు చెప్పండి. మందును మీకై మీరు హఠాత్తుగా ఆపకండి, అది ప్రాణానికే ముప్పు.

ఇక నమాజు సంగతి. హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) అనారోగ్యంతో ఉన్నప్పుడు, నిలబడలేకపోతే కూర్చుని, అదీ వీలుకాకపోతే పక్కకు పడుకుని నమాజు చేయమని ప్రవక్త (స) అనుమతించారు. నోటి నుండి చొంగ కారితే వుజూ పోదు. మూత్రం ఏమాత్రం నిలవని మాజూర్‌కు హనఫీ ఫిఖ్హ్ ప్రకారం ఒక్కో నమాజు వేళకు ఒక వుజూ చాలు. ఈ మాట అడగడానికి పెద్దలు సిగ్గుపడతారు, ఇమాములే వెళ్ళి చెప్పాలి. ఈ వ్యాధికి మాత్రలు పగలు పలుమార్లు వేసుకోవాలి. ఉపవాసం కోసం అవి మానితే శరీరం కొయ్యబారిపోతుంది. కోలుకునే ఆశ లేని రోగికి ఫిద్యా ఉంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేసిన ఆరాధనల పుణ్యం రోగికి రాయబడుతూనే ఉంటుందని హదీసు శుభవార్త ఇస్తోంది.

ఇప్పుడు మొదటి సఫ్ చివర, వుజూఖానా వైపు, చాచాకు ఒక కుర్చీ వేశాం. ఫజ్ర్ ఇంట్లోనే చేసుకుంటారు. జుహ్ర్‌కు, మాత్ర పనిచేసే వేళ చూసుకుని, మనవడు చెయ్యి పట్టుకుని తీసుకొస్తాడు. మొన్న జుమానాడు ఒక కుర్రాడు అత్తరు రాయబోయి, గుర్తొచ్చి ఆగిపోయాడు. చాచా చెయ్యి ముందుకు చాపారు. "రాయి బేటా, నాకు తెలియకపోతేనేం, పక్కవాళ్ళకు తెలుస్తుందిగా" అన్నారు.