అడవి నరికిన పాపం ఎవరిది?

గొత్తికోయలొచ్చి అడవి కొట్టేశారనే మాట భద్రాచలం, ఏటూరునాగారం వైపు మన గూడేల్లో కూడా వింటున్నాం. అందులో కొంత నిజముంది. కొత్త పోడు లేచిన చోట చెట్టు పోయింది. తునికాకు, వెదురు మీద బతికే స్థానికులకు నష్టమే. దాన్ని దాచి న్యాయం మాట్లాడలేం.

అయితే గొడ్డలి పట్టిన చెయ్యి ఒక్కదాన్నే చూస్తే చాలా? 2005లో దంతెవాడ ప్రాంతంలో సల్వాజుడుం మొదలై ఊళ్లు తగలబడ్డాయి. జుడుంకూ మావోయిస్టులకూ నడుమ నలిగిన వేలాది మంది అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లోకి వచ్చారు. ఆదివాసీ యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసులుగా దించడం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు చెప్పింది. తప్పు తేలింది. కానీ ఊరు పోయినవాళ్లకు ఊరు తిరిగి రాలేదు.

వీళ్లు దేశం దాటలేదు గనుక శరణార్థులు కారు, సొంత దేశంలోనే నిర్వాసితులు. అటవీ హక్కుల చట్టం 2005 డిసెంబర్ 13కు ముందు నుంచి సాగులో ఉన్న భూమికే హక్కు ఇస్తుంది. అక్రమంగా వెళ్లగొట్టిన వారికి పునరావాసం ఇవ్వాలంటూనే దానికీ అదే తేదీ పెట్టింది. మరి 2006లో ఇల్లు కాలినవాడు ఏ తేదీ చూపాలి?

అడవిని కాపాడమని రాజ్యాంగం 48ఎ అధికరణం ప్రభుత్వానికి చెబుతోంది. మనిషి ప్రాణానికి 21వ అధికరణం రక్షణ ఇస్తోంది. రెండు బాధ్యతలూ ప్రభుత్వానివే. ఒకటి చూపి రెండోది తప్పించుకోవడం కుదరదు. గుడిసె కూల్చి మొక్కలు నాటితే ఆ కుటుంబం ఇంకో గుట్ట ఎక్కి మళ్లీ చెట్టు కొడుతుంది. అప్పుడు మనిషీ నిలవడు, అడవీ నిలవదు.

తిరిగి వెళ్తామన్న వాళ్లకు ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం భద్రత, భూమి చూపాలి. ఇక్కడే ఉంటామన్న వాళ్లకు సాగుకు చోటు, రేషన్, బడి ఇవ్వాలి. అవి దొరికినప్పుడే కొత్తగా చెట్టు కొట్టొద్దని గట్టిగా అడిగే హక్కు మనకూ వస్తుంది. అడవిని కాపాడే అధికారం అదే చట్టం 5వ సెక్షన్ గ్రామసభకు ఇచ్చింది. దాన్ని వాళ్లను తరమడానికి వాడాలా, పక్కన కూర్చోబెట్టి హద్దులు మాట్లాడుకోవడానికి వాడాలా? వాళ్ల మాట మన కోయ మాటకు చుట్టమే. ముందు ఆ మాటతోనే పలకరిద్దాం.