వెండి ముక్కు

అరబ్బుల చరిత్రలో అర్‌ఫజా ఇబ్న్ అస్అద్ అనే ఆయన ఒకరున్నారు. ఇస్లాం రాకముందు కులాబ్ అనే చోట జరిగిన యుద్ధంలో ఆయన ముక్కు తెగిపోయింది. వెండి ముక్కు చేయించి పెట్టుకున్నారు. కొన్నాళ్లకు అది కుళ్లు కంపు కొట్టడం మొదలైంది. ముహమ్మద్ ప్రవక్తతో చెప్పుకుంటే బంగారంతో చేయించుకోమన్నారు. అబూ దావూద్, తిర్మిజీ హదీసు సంకలనాల్లో, అంటే ప్రవక్త మాటలనూ నడతనూ పోగుచేసిన గ్రంథాల్లో, ఉన్న ఉదంతమిది. మగవాళ్లు బంగారం ధరించకూడదన్న ధర్మం ఆ ఒక్క ముఖం కోసం సడలింది. కాస్మెటిక్ సర్జరీ మీద ముస్లిం పండితులు రాసేటప్పుడు, పోయిన అవయవాన్ని బాగుచేసుకోవడం తప్పు కాదనడానికి దీన్ని సాక్ష్యంగా చూపుతారు. నా మనసు మాత్రం వెండికీ బంగారానికీ మధ్య గడిచిన రోజుల దగ్గర ఆగుతుంది. వైద్యం జరిగింది, వికటించింది, తన ముఖం నుంచి వచ్చే కంపును తానే పీలుస్తూ ఒక మనిషి తిరిగారు. ఆయనకు దొరికిన జవాబులో ‘మొదట వెండి ఎందుకు పెట్టించుకున్నావు’ అన్న ప్రశ్న లేదు.

మన భాషలో ఆ ప్రశ్న చాలా తొందరగా వస్తుంది. ‘చేసుకున్నవాడికి చేసుకున్నంత’ అంటాం. ‘కొరివితో తల గోక్కోవడం’ అంటాం. ‘కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది’ అని నవ్వుతాం. అందం కోసం ఆపరేషన్ చేయించుకుని, అది చెడి, ఏళ్ల తరబడి ఆ బాధతో బతికేవాళ్లకు ఈ మూడు మాటలూ వినపడుతూనే ఉంటాయి, ఎదుట కాకపోతే చాటున. ఒమన్‌లో ఉన్న తెలుగువాళ్లకు దీనికి తోడు దూరం ఒకటి. సెలవు మీద హైదరాబాద్ వెళ్లి ఆపరేషన్ చేయించుకుని, సెలవు అయిపోయిందని మస్కట్ విమానం ఎక్కితే, కోసిన డాక్టరు ఒక దేశంలో, నొప్పి ఇంకో దేశంలో. పైకనురెప్ప చర్మం కాస్త ఎక్కువ తీసేస్తే నిద్రలో కన్ను పూర్తిగా మూతపడదు; రాత్రి రెండుసార్లు లేచి చుక్కల మందు వేసుకోవాలి, ఏసీ గాలి ఎదురుగా పడుకోకూడదు. ముక్కు ఆపరేషన్ సరిగా కుదరకపోతే ఊపిరి ఒకవైపు ఆడదు. కడప వైపు నుంచి వచ్చిన ఒక ముస్లిం సోదరికి ఈ బాధ ఉందనుకోండి, నమాజుకు ముందు వజూ చేసేటప్పుడు ముక్కులోకి నీళ్లు ఎక్కించిన ప్రతిసారీ, సజ్దాలో నుదుటితో పాటు ముక్కు నేలకు ఆనిన ప్రతిసారీ గుర్తొస్తుంది. పూటపూటకీ ప్రార్థన మధ్యలో వచ్చి కూర్చునే బాధ అది. కోరి చేయించుకున్నదాని వల్ల వచ్చిన ఇలాంటి బాధకు కరుణ పొందే హక్కు తగ్గుతుందా అన్నదే నేను ఇక్కడ తేల్చుకోవాలనుకుంటున్నది. తగ్గదని నా నమ్మకం. మనసు మెత్తనై చెబుతున్న మాటగా దీన్ని తీసుకోవద్దు. మన మతాలు, ఒమన్ గడ్డ మీద ఉన్న సంప్రదాయాలు, జాగ్రత్తగా చదివితే ఆ మాటే చెబుతాయి.

ముందు అవతలి పక్షానికి న్యాయం చేయాలి. దేవుడి సృష్టిని మార్చేలా మనుషుల్ని పురికొల్పుతానని సైతాన్ పలికిన మాట ఖురాన్ నాలుగో అధ్యాయంలో ఉంది. అందం కోసం పళ్ల మధ్య సందు చేయించుకునేవాళ్లనూ పచ్చబొట్లు పొడిపించుకునేవాళ్లనూ గట్టిగా మందలించిన హదీసు ఉంది. 2007లో మలేసియాలోని పుత్రజయలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ కూడా, పుట్టుకతో వచ్చిన లోపాలనూ ప్రమాదాల వల్ల, జబ్బుల వల్ల వచ్చిన వికృతాలనూ సరిచేయించుకోవచ్చని, సహజంగా ఉన్న రూపాన్ని కేవలం మోజుతో మార్చుకోకూడదని తీర్మానించింది. ఈ గీత గీయాల్సిన అవసరం లేదని నేను అనను. మస్కట్‌లో కాలిన గాయాలకూ ప్లాస్టిక్ సర్జరీకీ పేరున్న ఖౌలా ఆసుపత్రిలో చర్మం అతికించే పనితనానికీ, నున్నటి చర్మం ఇంకా నునుపెక్కించే పనితనానికీ కత్తి ఒకటే అయినా ఉద్దేశం వేరు, ఉద్దేశాన్ని మతం అడగక మానదు. కానీ ఆ గీత ఆపరేషన్‌కు ముందు నిలబడే గీత. ఆపరేషన్ అయిపోయి, పదేళ్లు గడిచి, ఒక మనిషి నొప్పితో మన ముందు కూర్చున్నప్పుడు దాన్ని తీసుకొచ్చి ఆ మనిషికీ మనకూ మధ్య గీయడం శాస్త్రానికే అన్యాయం.

ఈ తేడా నేను కల్పించింది కాదు. సలాలా వైపు, ధోఫార్‌లో ఎక్కువమంది అనుసరించే షాఫియీ ధర్మశాస్త్ర గ్రంథాల్లో ఒక విచిత్రమైన ప్రశ్న కనిపిస్తుంది: ఒకడు తన కాలు తానే తప్పుగా విరగ్గొట్టుకున్నాడు, ఇప్పుడు నిలబడి నమాజు చేయలేడు, మరి కూర్చుని చేయవచ్చా? కాలు విరగ్గొట్టుకోవడం పాపమే. అయినా కూర్చుని చేయవచ్చు, కాలు బాగయ్యాక ఆ నమాజులు మళ్లీ చేయనక్కర్లేదు అన్నదే అక్కడ బలపడిన అభిప్రాయం. ఎంత సూక్ష్మంగా విడదీశారో చూడండి. చేసిన పనికి దేవుడి ముందు జవాబు చెప్పుకోవాల్సిందే, కానీ విరిగిన కాలు విరిగిన కాలే. సడలింపు కాలిని చూసి వస్తుంది, కాలి చరిత్రను చూసి కాదు. పచ్చబొట్టు విషయంలోనూ అంతే. పశ్చాత్తాపపడ్డ మనిషి దాన్ని తీయించుకుంటే హాని జరుగుతుందంటే తీయించనక్కర్లేదు, పశ్చాత్తాపం చాలు అన్నారు.

ఒమన్‌లో అధిక ప్రభావం ఉన్న ఇబాదీ సంప్రదాయానికి ఇంకో సూక్ష్మత ఉంది. నిజ్వా దగ్గరి ఫిర్ఖ్‌లో పుట్టి బస్రాలో బోధించిన జాబిర్ ఇబ్న్ జైద్ నుంచి లెక్కపెట్టుకునే ఈ సంప్రదాయం పాపం విషయంలో మెతకది కాదు. మహాపాపం చేసి పశ్చాత్తాపం లేకుండా పోయినవాడికి నరకం నుంచి విముక్తి లేదని కచ్చితంగా చెబుతుంది. సజ్జనులతో వలాయా, అంటే స్నేహం. పాపులతో బరాఆ, అంటే ఎడం. ఇంత కఠినమైనవాళ్లే మూడో మాట ఒకటి పెట్టుకున్నారు, వుఖూఫ్. ఒక మనిషి లోపలి సంగతి నీకు తెలియనప్పుడు ఇటూ అటూ తీర్పు చెప్పకుండా ఆగిపో అని. ఆగడం ఇక్కడ తప్పించుకోవడం కాదు, అదొక విధి. పైగా ఎడంగా ఉండాల్సిన మనిషికైనా న్యాయం, మర్యాద తగ్గించే హక్కు ఎవరికీ ఇవ్వలేదు. ఒక ఆడమనిషి ఎందుకు కత్తి కింద పడుకుందో మనకేం తెలుసు? పెళ్లి సంబంధాలు వరసగా తప్పిపోయి ఉండొచ్చు, మొగుడి మాట పొడిచి ఉండొచ్చు, బిడ్డల్ని కన్నాక తన ఒళ్లు తనకే పరాయిదై ఉండొచ్చు. తెలియని చోట ఆగమనే శాస్త్రం ఉన్న దేశంలో ఉంటూ మనం తెలుగులో గబగబా తీర్పులు చెప్పేస్తున్నాం.

‘కోరి చేయించుకుంది’ అన్న మాటలో కోరిక ఎంత ఆమెది అన్నది కూడా చూడాలి. 1962లో అమెరికాలోని హ్యూస్టన్‌లో టిమ్మీ జీన్ లిండ్సే అనే మహిళ పచ్చబొట్టు తీయించుకోవడానికి ఆసుపత్రికి వెళ్లింది. అక్కడి సర్జన్లు కొత్తగా తయారుచేసిన సిలికోన్ రొమ్ము ఇంప్లాంట్లు పెట్టించుకుంటావా అని అడిగారు. ఆమెకు ఆ ఆలోచనే లేదు. తన చెవులు సరిచేయించుకోవాలని ఉండేది. చెవులూ సరిచేస్తామన్నారు. ప్రపంచంలో మొట్టమొదటి సిలికోన్ ఇంప్లాంట్లు అలా పెట్టారు. ఆ తర్వాతి లక్షలమందికి ఆ వస్తువును ఒకసారి పెట్టించుకుంటే చాలన్నట్టు అమ్మారు. ఒళ్లు మాత్రం అలా అనుకోలేదు. లోపలికి వచ్చిన ఏ పరాయి వస్తువు చుట్టూ అయినా శరీరం మచ్చలాంటి పొర అల్లుతుంది. కొందరిలో ఆ పొర క్రమంగా బిగుసుకుని, రొమ్ము రాయిలా గట్టిపడి, చెయ్యి పైకెత్తితే నొప్పి పుడుతుంది. ఫ్రాన్స్‌లో పీఐపీ అనే కంపెనీ వైద్యానికి పనికిరాని పారిశ్రామిక సిలికోన్ నింపి అమ్మినట్టు 2010లో బయటపడింది; దాని వ్యవస్థాపకుడికి 2013లో జైలుశిక్ష పడింది. 2019లో ఒక అరుదైన లింఫోమా క్యాన్సర్‌తో సంబంధం తేలి, అలర్గాన్ కంపెనీ గరుకు పైపొర ఇంప్లాంట్లను ప్రపంచమంతటా వెనక్కి తీసుకుంది. ఇంప్లాంట్లు జీవితాంతం ఉండే వస్తువులు కావని రోగికి ముందే చెప్పి తీరాలని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ కట్టడి చేసింది 2021లో, అంటే ఆ మొదటి ఆపరేషన్ అయిన 59 ఏళ్లకు. ఆ 59 ఏళ్ల మధ్యలో సంతకం పెట్టిన ఆడవాళ్లు దేన్ని కోరారు? ఆపరేషన్‌ని కోరారు. బిగుసుకునే పొరను కోరలేదు, దాని సంగతి వాళ్లకు సరిగా చెప్పలేదు కూడా. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన హానికి బాధ్యుడని చెప్పే హదీసు ఒకటుంది. బాధ్యతను పంచి చూడటం శాస్త్రానికి తెలుసు. మొత్తం ఎత్తి ఒక్కరి నెత్తిన పెట్టేది మన సామెతే.

హిందువులు దీనికి కర్మ సిద్ధాంతాన్ని అడ్డం తెస్తారు. ఎవరి కర్మ వాళ్లు అనుభవించాలి కదా అని. ఆ సిద్ధాంతం నాకు అబద్ధంగా తోచదు, సగంలో ఆపేస్తున్నామని మాత్రం అనిపిస్తుంది. వేదాంతులు ప్రారబ్ధాన్ని విల్లు విడిచిన బాణంతో పోలుస్తారు. వెనక్కి రాదు, తగలాల్సిందే. సరే, ఆమె నొప్పి ఆమె ప్రారబ్ధమే అనుకుందాం. ఆ నొప్పి ఎదుట నేను ఏం చేస్తానన్నది నా ఆగామి, ఇప్పుడు కొత్తగా మూటగట్టుకునేది. ఆమె ఖాతా చూసి చెప్పే అధికారం నాకు లేదు, నా ఖాతా మాత్రం ఈ క్షణాన రాసుకుంటోంది. ఇక గజేంద్రుడి కథ వినని తెలుగువాడు ఉండడు. ఆ ఏనుగు మడుగులోకి దిగింది దాహానికే కాదు, జలక్రీడకు. ఆడ ఏనుగులతో నీళ్లు చిమ్ముకుంటూ, మదంతో, అవసరం దాటి దిగింది. మొసలి కాలు పట్టుకుంది. పట్టు ఒక పూటది కాదు, వేయేళ్లని భాగవతం చెబుతుంది. చివరకు మొరపెట్టుకుంటే విష్ణువు పరుగున వచ్చాడు, ఆ పరుగును పోతన ఎలా వర్ణించాడో బడికి వెళ్లిన ప్రతివాడికీ నోటికి వచ్చు. ‘మడుగులో నీకేం పని’ అని ఆయన అడిగి ఉంటే ఆ పద్యాలు ఉండేవి కావు. మస్కట్‌లో మత్రాహ్ శివాలయానికి వెళ్లేవాళ్లూ దార్సైత్ కృష్ణ మందిరానికి వెళ్లేవాళ్లూ భక్తితో వినే కథ ఇది. రువీ చర్చికి వెళ్లే గోదావరి జిల్లాల అక్కచెల్లెళ్లకూ ఇలాంటిదే యోహాను సువార్తలో ఉంది: పుట్టు గుడ్డివాణ్ణి చూసి పాపం వీడిదా, వీడి తల్లిదండ్రులదా అని శిష్యులు అడిగితే, యేసు ఆ ప్రశ్ననే తోసిపుచ్చి, ఆ కళ్లకు చూపు తెప్పించే పనిలో పడ్డాడు.

ఇలా కరుణ చూపుకుంటూ పోతే రేపు ఇంకో నలుగురు ధైర్యం చేస్తారు అనే అభ్యంతరం ఉంది. తేలిగ్గా తీసేయదగ్గది కాదది. కానీ మనం చూసిన అనుభవం వేరేగా చెబుతోంది. నటి ఆర్తి అగర్వాల్ 2015 జూన్ 6న, 31 ఏళ్లకే అమెరికాలో చనిపోయారు. కొద్ది వారాల ముందు లైపోసక్షన్ చేయించుకున్నారని అప్పటి వార్తలు. ఆమె ఒంటి బరువు గురించి అంతకుముందు ఏళ్ల తరబడి మాట్లాడిన నోళ్లే, తర్వాత ఎందుకు చేయించుకుందని అడిగాయి. 2016లో హైదరాబాద్‌లో ఒక యువకుడు ఎత్తు పెరగాలని ఇంట్లో చెప్పకుండా కాళ్ల ఎముకలు కోయించుకుని మంచాన పడ్డాడు. ‘ఇంట్లో చెప్పకుండా’ అన్న చోట ఆగాలి. చెబితే తిడతారన్న భయం అతన్ని ఆపరేషన్ నుంచి ఆపలేదు, పక్కన ఉండి డాక్టరును నాలుగు ప్రశ్నలు అడిగే మనిషి లేకుండా చేసింది. వికటించాకా ఆ సిగ్గే పనిచేస్తుంది. చీము పట్టినా, జ్వరం తగిలినా, ఎక్కడ చేయించుకున్నావని అడుగుతారేమోనని ఆసుపత్రికి వెళ్లడం వారం ఆలస్యమవుతుంది. మందలింపు కొత్తవాళ్లను ఆపుతుందో లేదో నాకు అనుమానమే, పాతవాళ్లకు వైద్యం ఆలస్యం చేస్తుందనడంలో అనుమానం లేదు. ఇన్సూరెన్సు, ప్రభుత్వ సొమ్ము ఇలాంటివాటికి ఎందుకని అడగడం వేరే సంగతి, అది లెక్కల ప్రశ్న. అందం కోసం చేసే ఆపరేషన్‌కు డబ్బు ఇవ్వనక్కర్లేదు. దాని వల్ల వచ్చిన ఇన్ఫెక్షన్ మాత్రం మామూలు ఇన్ఫెక్షనే.

బాధపడే మనిషి లోపల ఇంకో కోర్టు నడుస్తుంటుంది, అది బయటి కోర్టు కన్నా కఠినం. నేనే తెచ్చుకున్నాను కదా, నేనెవరికి చెప్పుకోను అని. పశ్చాత్తాపానికీ దీనికీ తేడా ఉంది. తౌబా అంటే వెనక్కి తిరగడం, తిరిగాక నడవాలి. ప్రాయశ్చిత్తానికీ ఒక ముగింపు ఉంటుంది, ఇన్ని రోజులు, ఇన్ని ఉపవాసాలు అని. అద్దం ముందు ప్రతి ఉదయం తనను తాను కొత్తగా శిక్షించుకోమని ఏ మతమూ చెప్పలేదు. అర్‌ఫజా బంగారు ముక్కు కూడా అసలు ముక్కు కాదు, జీవితాంతం ముఖం మధ్యలో మెరుస్తూ అందరికీ కనపడేదే. దానితోనే ఆయన వీధిలోకి వచ్చారు, అదే ముక్కు నేలకు ఆనించి నమాజు చేసి ఉంటారు. రువీలో ఏ గదిలోనో ఉంటున్న మన మనిషికి కావాల్సింది కూడా దాదాపు అంతే. కుట్లు ఎక్కడ వేశారో, ఏ మందు పడలేదో సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పగలగాలి. ఆపరేషన్ కాగితాలు ఊరి నుంచి తెప్పించుకోవాలి. శుక్రవారం సెలవు రోజు పక్కగదిలో ఉన్న అక్క ఒకరు తోడు వెళ్లి, బయట బెంచీ మీద కూర్చుని, లోపలి నుంచి వచ్చాక ‘డాక్టరేమన్నాడు’ అని అడగాలి.