ఒకటా, అనేకమా?

ఎన్టీఆర్ జిల్లా తిరువూరు చుట్టుపక్కల మామిడి తోటల్లో రెండు మాటలు వినబడుతుంటాయి. గాలివాన వెలిశాక రైతు "సగం కాయలు రాలిపోయాయి" అంటాడు. లారీ ఆలస్యమైతే వ్యాపారి "సగం లోడు పాడైపోయింది" అంటాడు. సగం రెండుచోట్లా సగమే. క్రియ మాత్రం ఒకచోట బహువచనం, మరోచోట ఏకవచనం. ఇంగ్లిషులోనూ ఇంతే: 'హాఫ్ ది మ్యాంగోస్ ఆర్', 'హాఫ్ ది లోడ్ ఈజ్'. అది దేనిలో సగమో చూసుకుని క్రియ నడుస్తుంది. బడిపిల్లలు బట్టీపట్టే ఈ సూత్రం వెనక ఒక పాత తాత్త్విక ప్రశ్న ఉంది. ఒకటి, అనేకం అన్నవి వస్తువుల్లో ఉన్నాయా, చూసేవాడి బుద్ధిలోనా?

రంగు, రుచి లాగే సంఖ్య కూడా గుణమేనన్నారు ప్రాచీన భారతీయ తాత్త్వికులైన వైశేషికులు. 17వ శతాబ్దపు తెలుగు పండితుడు అన్నంభట్టు తర్కసంగ్రహంలో చెప్పిన 24 గుణాల్లో అదొకటి. ఏకత్వం వస్తువుతోనే ఉంటుంది. రెండు, మూడు అలా కాదు. 'ఇదొకటి, ఇదొకటి' అని బుద్ధి కలిపి చూసినప్పుడే అవి పుడతాయి. ఆ బుద్ధికి అపేక్షాబుద్ధి అని పేరు. అది లేకపోతే రెండు అన్నదే లేదు. అలాగని రెండు అన్నది వట్టి ఊహ కాదు. దాన్ని పుట్టించేది బుద్ధే అయినా, అది ఉండేది వస్తువుల్లోనే. బుట్టలో మూడు కాయలుంటే ఎవరెంత తలచుకున్నా నాలుగు కావు.

మరి కుప్ప సంగతి? గౌతముని న్యాయసూత్రాల్లో ప్రతివాది సేననూ వనాన్నీ ముందుకు తెస్తాడు. దూరం నుంచి అవి ఒకటిగా కనిపించినట్టే, కుండ కూడా పరమాణువుల గుంపేనంటాడు. న్యాయ దర్శనాన్ని అనుసరించే నైయాయికుడు ఒప్పుకోడు. సైనికులూ చెట్లూ కంటికి ఆనేవి, పరమాణువులు ఆననివి. కనిపించనివాటి గుంపు ఎలా కనిపిస్తుంది? కాబట్టి కుండ నిజంగానే ఒక వస్తువు. సేన మాత్రం చాలామంది మనుషులు.

తెలుగు క్రియకు ఈ తేడా తెలుసు. 'గుంపు వచ్చింది' అంటాం గానీ 'జనం వచ్చారు' అంటాం. జనం అన్న మాట రూపంలో ఏకవచనమే, అయినా క్రియ అందులోని మనుషులనే లెక్కలోకి తీసుకుంటుంది.

ఈ తేడా వార్తల్లోనూ కనిపిస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు విజయవాడను ముంచెత్తింది. అలాంటి విపత్తుల్లో 'మృతుల సంఖ్య పెరిగింది' అని రాస్తారు. వ్యాకరణం ప్రకారం తప్పులేదు, యంత్రాంగానికి ఆ లెక్క కావాలి కూడా. కానీ అక్కడ పెరిగింది సంఖ్య. 'ఇంకొందరు చనిపోయారు' అన్నప్పుడు కర్తలు మనుషులు. వైశేషికుల మాట ప్రకారం, ఒక్కొక్కరినీ 'ఈయనొకరు, ఈమె ఒకరు' అని చూడనిదే ఆ సంఖ్యే పుట్టదు. అందుకే మొత్తం వేసిన కాగితం మీదే ఒక్కొక్కరి పేరూ ఊరూ కూడా ఉండాలి.