పిడికెడు గట్టు మట్టి

నల్లజర్ల మెట్టలో ప్రకృతి సేద్యం చేసే రైతు పొలంలోకి అడుగుపెడితే చెట్టు నీడన ఓ డ్రమ్ము కనిపిస్తుంది. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల నాటు ఆవు పేడ, ఆవు మూత్రం, రెండేసి కిలోల బెల్లం, శనగపిండి. చివర్న పిడికెడు మట్టి. అది రసాయనం తగలని గట్టుదే కావాలి. పొద్దునా సాయంత్రం కర్రతో కలియతిప్పాలి, అదీ కుడివైపుకే, గుళ్లో ప్రదక్షిణం చేసినట్టు. రెండు రోజులకు పులిసిన వాసన వస్తుంది. అదే జీవామృతం.

సుభాష్ పాలేకర్ ప్రచారం చేసిన ఈ పద్ధతిని రాష్ట్ర ప్రభుత్వ రైతు సాధికార సంస్థ 2016 నుంచి ఊరూరా తిప్పింది. 2024లో గుల్బెంకియన్ బహుమతి అందుకున్న ముగ్గురిలో ఆ సంస్థ నడిపే ఆంధ్ర ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఒకటి. అయినా రచ్చబండ మీద వాదన తెగలేదు. నాటు ఆవే ఎందుకు? గేదె పేడ చేసిన పాపమేమిటి? ఇందులో భక్తి ఎంత, విద్య ఎంత?

ఆ రెంటినీ విడదీయడం అనుకున్నంత తేలిక కాదు. పైన పోలవరం, బుట్టాయగూడెం కొండల్లో కొండరెడ్లు, కోయలు కొత్త పండుగ చేసి దేవతకు పెట్టనిదే మామిడికాయ నోట పెట్టరు. ఎందుకని అడిగితే దేవత కోపం గురించి చెబుతారు, టెంక గురించి కాదు. ఈలోగా టెంక మాత్రం ముదురుతుంది.

పాశ్చాత్య క్రైస్తవం మనిషికి ప్రకృతి మీద పెత్తనం ఇచ్చిందనీ, పర్యావరణ సంక్షోభానికి వేరు అక్కడే ఉందనీ 1967లో చరిత్రకారుడు లిన్ వైట్ వాదించాడు. అలాగైతే నీటిని, నేలను అమ్మగా కొలిచేచోట అవి పదిలంగా ఉండాలి. కొల్లేరు సరస్సు దాకా వచ్చేసరికి ఈ లెక్క బురదలో దిగబడుతుంది.

కొల్లేటికోటలో పెద్దింట్లమ్మ గుడి ఉంది. ఫాల్గుణంలో జాతర. పూర్వం ఇక్కడ చేపలు పట్టే వడ్డీ కులస్తుల బతుకు నీటి రాకపోకలతోనే సాగేది: వానాకాలం తాటి దోనెల్లో చేపల వేట, ఎండలు ముదిరి నీరు తీశాక బయటపడిన నేలలో వరి. ఏ నెలలో ఏ పని చెయ్యాలో సరస్సే చెప్పేది. 1970ల్లో ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టించి చేపల చెరువులకు దారి తీసింది. ఆ వెనక పెట్టుబడి దిగింది, గట్లు లేచాయి. కాబట్టి తప్పంతా వడ్డీల నెత్తిన రుద్దడం అన్యాయం. 1999లో అభయారణ్యమన్నారు, 2002లో అంతర్జాతీయ చిత్తడి నేలల రామ్‌సార్ జాబితాలో చేర్చారు, 2006లో పొక్లెయిన్లతో గట్లు కొట్టేశారు. చాలాచోట్ల అవి మళ్లీ మొలిచాయి.

ఇన్నేళ్లలో అమ్మవారి మీద నమ్మకం పోయిందా అంటే, జాతర ఇప్పటికీ జరుగుతూనే ఉంది. పోయింది నియమం. కొండ మీద మొక్కుతో పాటు కాయ కోయకుండా ఆగడమూ ఉంది. కొల్లేట్లో మొక్కు మిగిలింది, నీరు తీసేదాకా ఆగడం పోయింది. డ్రమ్ములో కర్ర ఎటు తిప్పారన్నది చిన్న సంగతి. పిడికెడు మట్టి కోసం ఆ గట్టును మందు తగలకుండా కాపాడారా లేదా అన్నదే అసలు పరీక్ష.

వచ్చే ఫాల్గుణంలో కొల్లేటికోట వెళ్తే, దర్శనం అయ్యాక దారికి రెండు వైపులా ఎన్ని చెరువు గట్లున్నాయో ఓసారి లెక్కపెట్టి రండి.