తేదీ పడని వాన

హైదరాబాద్‌లోని మా కాటేదాన్‌లో చినుకు పడితే మొదట రేకులు మోగుతాయి. ప్లాస్టిక్ కంపెనీలు, నూనె మిల్లులు, గోదాములు, దేని మీద చూసినా రేకులే. ఆ చప్పుడు వినగానే మా గల్లీ చివరి గదిలో ఉండే అక్క గ్యాస్ సిలిండర్‌ను మంచం మీదికెక్కిస్తుంది. ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, పిల్లల సర్టిఫికెట్లు కవర్లో చుట్టి, గోడకు తలకంటే ఎత్తున కొట్టిన మేకుకు తగిలిస్తుంది. నాలుగు చినుకులకైనా అంతే. పాలమూరు నుంచి వచ్చి ఇక్కడ ప్యాకింగ్ పని చేసుకుంటున్న మనిషి. 2020 అక్టోబర్ 13 రాత్రి, అప్పట్లో ఆమె ఉన్న ఇంట్లోకి ఛాతీ దాకా నీళ్లొచ్చాయి.

ఆ రోజు ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల వాన కురిసింది. మా పక్కనే మైలార్‌దేవ్‌పల్లిలో పల్లెచెరువు పొంగి అలీనగర్ మీద పడింది. ఒకే ఇంటివాళ్లు ఎందరో కొట్టుకుపోయారు. గగన్‌పహాడ్ దగ్గర అప్పచెరువు తెగి, శంషాబాద్ మీదుగా పోయే బెంగళూరు హైవే కోసుకుపోయింది.

“నీళ్లు ఎప్పుడో పోయినయ్ గద అక్కా, ఇంకా ఎందుకు గాబరా? మర్చిపో” అని నేనే ఎన్నోసార్లు అన్నాను. ఒకసారి ఆమె నా మొహంలోకి చూసి, “యాదికొచ్చుడు కాదు తమ్మీ, నీళ్లే వస్తయ్” అంది.

మెదడు గురించి తర్వాత నేను చదివినదంతా ఆ ఒక్క మాటకు వ్యాఖ్యానంలాగే అనిపించింది. మామూలుగా ఏదైనా జరిగితే, ఎక్కడ, ఎప్పుడు, దేని తర్వాత ఏది అన్న వివరాలను ఒకచోట కుట్టి పెట్టేది హిప్పోక్యాంపస్. ప్రమాదం వస్తే గంట కొట్టేది అమిగ్డాలా, బాదంగింజంత ఉంటుంది. ప్రాణం మీదికొచ్చిన క్షణంలో ఒళ్లంతా ఒత్తిడి హార్మోన్లు పొంగుతాయి. అప్పుడు అమిగ్డాలా భయాన్ని, చప్పుడును, వాసనను గట్టిగా ముద్రించుకుంటుంది. హిప్పోక్యాంపస్ పని మాత్రం తడబడుతుంది. ముద్ర మిగులుతుంది, దాని మీద తేదీ పడదు. అందుకే రేకుల మీద చినుకు పడగానే ఆమె ఒంటికి అది ఆ రాత్రే. ‘ఇది వేరే వాన’ అని సర్దిచెప్పాల్సిన మెదడు ముందుభాగం ఆ గంటను ఆపలేకపోతుంది. వాసనైతే మరీ దగ్గరి దారిన అమిగ్డాలాను చేరుతుంది. బురదలో డీజిల్ కలిసిన వాసన ఆమెకు ఇప్పటికీ పడదు. మా కాటేదాన్‌లో ఆ వాసన లేని రోజు ఏది?

ఈ జబ్బుకు 1980లో అమెరికా మానసిక వైద్యులు పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్ అని పేరు పెట్టారు. వియత్నాం నుంచి తిరిగొచ్చిన సైనికుల బాధ దాని వెనుక ఉంది. మన ఊళ్లలో ‘జడుసుకున్నది’ అంటారు, తాయెత్తు కడతారు. ఆ మాటను నేను చిన్నచూపు చూడను. జరిగింది ఒంట్లో కూర్చుందని మన పెద్దవాళ్లు గుర్తుపట్టారు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటి. వరద సాయం కోసం పేర్లు రాసుకునే చోట ఆమె ముందు కరెంటు పోయిందని ఒకసారి, ముందు గోడ కూలిందని ఒకసారి చెప్పింది. “ఒక్కోసారి ఒక్కోటి చెప్తవేంది?” అని కసిరారట. వరస కుట్టే సూది ఆ రాత్రి పనిచెయ్యలేదు కాబట్టే ఆమె కథ ముక్కలుగా ఉంది. ముక్కలుగా చెప్పినంత మాత్రాన అది అబద్ధం కాదు.

అలాగని ఆమె మెదడు చెడిపోయిందనడం తప్పు. 2002లో కవల సోదరుల మీద చేసిన ఒక అధ్యయనం నన్ను ఆపి ఆలోచింపజేసింది. యుద్ధానికి వెళ్లి ఈ జబ్బు తీవ్రంగా వచ్చినవాళ్లలో హిప్పోక్యాంపస్ చిన్నదిగా ఉంది. ఇంటి దగ్గరే ఉండిపోయిన వాళ్ల కవల సోదరుల్లోనూ అలాగే ఉంది. అంటే ఆ తేడాలో కొంత ముందునుంచీ ఉన్నదే. ఒకే నీళ్లలో నిలబడ్డ ఇద్దరిలో ఒకరు తేరుకుని ఒకరు తేరుకోకపోతే, అది ధైర్యానికి సంబంధించిన లెక్క కానేకాదు.

ఊరికి కూడా జ్ఞాపకం ఉంటుంది. 1908 సెప్టెంబర్ 28 నాటి మూసీ వరదను హైదరాబాద్ తేదీతో సహా దాచుకుంది. నూటయాభై మందిని కొమ్మల్లో కాపాడిన చింతచెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. మాకు దగ్గర్లోని హిమాయత్‌సాగర్ ఆ వరద తర్వాత కట్టిందే. ఊరు ఏడ్చింది, రాసుకుంది, కట్టుకుంది. మా అక్క దగ్గరున్నది ఒక్క మేకు.

వైద్యం చేసేది కూడా ఇంచుమించు ఊరు చేసుకున్న ఆ పనే. భద్రంగా ఉన్నచోట, తెలిసిన మనిషి ముందు, ఆ రాత్రిని మొదట్నుంచీ చివరిదాకా మెల్లగా మళ్లీ మళ్లీ చెప్పించి, దాన్ని గడిచిపోయిన రాత్రిగా మారుస్తారు. చెరిపెయ్యరు. బలవంతంగా చెప్పించరు కూడా, అలా చేస్తే మేలు జరగదు.

నేను మర్చిపొమ్మనడం మానేశాను. వాన మొదలైతే వెళ్లి ఆ గది గడప మీద కూర్చుంటాను. మీ ఇంట్లోనో మీ గల్లీలోనో వాన చప్పుడుకో, పొగ వాసనకో లేచి కూర్చునే మనిషి ఉంటే, నెలలు గడిచినా అది తగ్గకపోతే, 14416కు ఫోన్ చెయ్యండి. టెలీ మానస్ వాళ్లు తెలుగులో మాట్లాడతారు, డబ్బులు అడగరు.